కార్ఫ్ క్యాజిల్ (డోర్సెట్, ఇంగ్లండ్): పగిలిన కోటకి టికెట్ పెట్టి వెళ్ళొచ్చా?

ముందే చెప్పేస్తాను, వెళ్ళండి. ఇంగ్లండ్‌లో ఉండే మనవాళ్ళం ఊరి నుంచి అమ్మానాన్నలు వచ్చారంటే కోట చూపించడానికి విండ్‌సర్‌కో లండన్ టవర్‌కో తీసుకెళ్తాం, అవి చూడదగ్గవే, కాదనను, కానీ అక్కడ తాళ్ళు కట్టిన గదుల్లో జనం వెనక జనంగా నడుచుకుంటూ బయటపడటంతోనే సరిపోతుంది. డోర్సెట్‌లో పల్లెల మధ్య ఉన్న కార్ఫ్ క్యాజిల్‌లో చూడటానికి సింహాసనాలూ నగలూ ఏమీ ఉండవు, పైకప్పు అన్నది దాదాపు ఎక్కడా కనిపించదు. కొండ మీద విరిగిన గోడలు, పక్కకి ఒరిగిన బురుజులు, గడ్డిలో పడి ఉన్న పెద్ద పెద్ద గోడముక్కలు, అంతే. అయినా ఈ దేశంలో నేను చూసిన కోటలన్నిట్లో నాకు బాగా నచ్చింది ఇదే. కాకపోతే కథ తెలియకుండా వెళ్తే అరగంటలో ఫొటోలు దిగి కిందకి వచ్చేస్తారు, ‘ఇంతేనా’ అనుకుంటారు. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

పూల్ అనే పట్టణం దాటి వేర్‌హామ్ అనే చిన్న ఊరు మీదుగా దక్షిణంగా ఇంకాస్త దూరం వెళ్తే ఎదురుగా కొండల వరస అడ్డం వస్తుంది, వాటిని పర్బెక్ కొండలంటారు. ఆ వరసలో ఒకచోట కనుమ ఉంది. అక్కడ రెండు వాగులు చెరోవైపు నుంచి కోసేయడంతో మధ్యలో ఒక గుట్ట విడిగా మిగిలిపోయింది, కోట ఆ గుట్ట మీద ఉంది. గుట్ట ఎత్తు సుమారు 55 మీటర్లు, దాని నెత్తిన ఉన్న ప్రధాన బురుజు, ఇక్కడివాళ్ళు కీప్ అంటారు, అది ఇంకో 21 మీటర్లు. వేర్‌హామ్ నుంచి స్వానేజ్ తీరానికి వెళ్ళే దారి ఈ కనుమలోంచే పోతుంది కాబట్టి గుట్ట మీద కూర్చున్నవాడి కన్నుగప్పి ఎవరూ దాటలేరు. 1066లో ఇంగ్లండ్‌ని గెలిచిన విలియం ఇక్కడ కోట మొదలుపెట్టాడు. ఆ రోజుల్లో చాలా కోటలు మట్టిదిబ్బ మీద కర్రతో కట్టేవాళ్ళు, ఇక్కడ మాత్రం మొదట్నుంచే కొంత రాతికట్టడం ఉంది. ఇప్పుడు మనకి దూరం నుంచి కనిపించే ఆ కీప్ ఆయన కొడుకు మొదటి హెన్రీ కాలంలో, 1100 దాటిన కొద్ది ఏళ్ళలో కట్టింది. రాయి కూడా ఎక్కడిదో కాదు, ఈ చుట్టుపక్కల దొరికే పర్బెక్ సున్నపురాయే.

అసలు విషయం ఏంటంటే, ఈ కోట వయసైపోయి కూలలేదు. దీన్ని పనిగట్టుకుని పేల్చేశారు. 1646 మార్చిలో లండన్‌లో పార్లమెంటు ఓటేసి మరీ కార్ఫ్ కోటని పడగొట్టమని ఆర్డర్ వేసింది. అప్పుడు రాజు మొదటి చార్లెస్‌కీ పార్లమెంటుకీ అంతర్యుద్ధం నడుస్తోంది, ఇంత గట్టి కోట మళ్ళీ రాజు మనుషుల చేతికి చిక్కితే తీసుకోవడం కష్టమని వాళ్ళ భయం. సైనికులు గోడల పునాదుల కింద గోతులు తవ్వి తుపాకి మందు కూరి పేల్చారు. ఐదున్నర వందల ఏళ్ళు నిలబడిన కట్టడం అలా పోయింది. మీరు అక్కడ చూసే ప్రతి పగులూ ప్రతి ఒంపూ ఆ పేలుళ్ళ వల్ల వచ్చిందే అని తెలిసి చూస్తే మాత్రం ఒక్కో గోడ దగ్గర పది నిమిషాలు ఆగాల్సి వస్తుంది. ఇది ఎటు నుంచి పడింది, ఇది ఎందుకు పడలేదు, ఈ ముక్క ఎక్కడి నుంచి దొర్లింది అని మీరే లెక్కలు వేసుకుంటూ ఉంటారు. చక్కగా నిలబడి ఉన్న కోటలో మనకి ఆ పని ఉండదు.

ఆ పేలుళ్ళకి ముందు జరిగినదే ఈ కోటలో నాకు బాగా ఇష్టమైన కథ. 1635లో సర్ జాన్ బ్యాంక్స్ అనే పెద్ద లాయరు ఈ కోటని కొన్నాడు. యుద్ధం మొదలయ్యాక ఆయన రాజు పక్కన ఉండిపోయాడు, కోటలో భార్య మేరీ బ్యాంక్స్, పిల్లలు, పనివాళ్ళు మిగిలారు. 1643లో పార్లమెంటు మనుషులు వచ్చి కోటలో ఉన్న చిన్న ఫిరంగుల్ని ఇచ్చేయమన్నారు, ఆవిడ ఇవ్వలేదు. ఆ ఎండాకాలంలో ఐదారు వందల మంది సైనికులు కోటని చుట్టుముట్టారు. ఆరు వారాలు ముట్టడి. లోపల ఉన్నది ఎనభై మంది దాకా. చివరి దాడిలో కోట పైభాగాన్ని కాపాడే బాధ్యత మేరీ తన చేతిలో పెట్టుకుంది, తోడు కూతుళ్ళు, ఇంట్లో పనిచేసే ఆడవాళ్ళు, ఐదుగురు సైనికులు. నిచ్చెనలు వేసుకుని ఎక్కేవాళ్ళ మీద వీళ్ళు పైనుంచి బండరాళ్ళు, మండుతున్న నిప్పులు దొర్లించారు. ముట్టడి వేసినవాళ్ళు చివరికి వదిలేసి పోయారు. ఆ ముట్టడి రోజుల్లో కింద ఊళ్ళో ఉన్న చర్చిలో మకాం పెట్టిన సైనికులు చర్చి పైకప్పు సీసం ఊడబీకి తూటాలు పోసుకున్నారట.

1644 చివర్లో భర్త చనిపోయాడు. ఆ తర్వాత రెండో ముట్టడి పడింది, ఈసారీ ఆవిడ నెలల తరబడి లొంగలేదు. చివరికి కోటలోపలి అధికారే, పిట్‌మన్ అనే కల్నల్, అటువైపు కలిసిపోయి, సాయానికి కొత్త సైనికుల్ని తెస్తున్నానని చెప్పి రాత్రిపూట శత్రువుల్నే లోపలికి రానిచ్చాడు. అలా 1646 ఫిబ్రవరిలో కోట పోయింది. గెలిచిన సేనాధిపతి ఆవిడ ధైర్యం చూసి కోట తాళంచెవుల్ని ఆవిడ దగ్గరే ఉంచుకోనిచ్చాడని చెప్తారు. కోటని పేల్చేశారు, తాళంచెవులు మాత్రం మిగిలాయి. అవి ఇప్పటికీ ఆ కుటుంబం తర్వాత కట్టుకున్న కింగ్‌స్టన్ లేసీ అనే భవనంలో ఉన్నాయి, అది కూడా డోర్సెట్‌లోనే, కారులో వెళ్ళి చూడొచ్చు.

ఇప్పుడు నడక. ఊరి చౌరస్తా దగ్గర వంతెన దాటి బయటి ద్వారంలోంచి లోపలికి వెళ్తారు. మొదట్లో వచ్చేది పెద్ద గడ్డి వాలు, పక్కనే బయటి ప్రహరీ, దాని బురుజులు ఒక్కొక్కటి ఒక్కో వైపు ఒరిగి ఉంటాయి. చాలామంది ఇక్కడ ఆగకుండా కీప్ కోసం గబగబా ఎక్కేస్తారు. ఆగండి. ఆ వాలు ఎక్కాక రెండో ద్వారం వస్తుంది, నైరుతి ద్వారం, రెండు బురుజులు మధ్యలో కమాను. మందు పేలినప్పుడు ఎడమవైపు బురుజు పడిపోకుండా నిలబడి ఉన్నది నిలబడ్డట్టే కిందకి జారింది. కమాను మధ్యకి చీలింది, ఒక సగం పైన, ఇంకో సగం కొన్ని అడుగుల కింద. మీరు ఆ చీలిక మధ్యలోంచే నడిచి వెళ్తారు. కోట మొత్తంలో ఒక్కటే చూడమంటే నేను కీప్ కూడా చెప్పను, ఈ ద్వారమే చెప్తాను.

మా నాన్న ఇరిగేషన్‌లో వర్క్ ఇన్‌స్పెక్టర్‌గా చేసి రిటైరయ్యారు, జీవితమంతా రాతికట్టుబడులు చూసిన మనిషి, ఆయన అక్కడ నిలబడిపోయి కదల్లేదు. “ఇంత బురుజు జారి కూడా ముక్కలవలేదంటే గచ్చు ఎంత పట్టు పట్టిందో చూడరా” అన్నారు. తెగిన గోడ అంచుని చేత్తో తడిమి చూపించారు. బయటివైపు నున్నగా చెక్కిన రాయి, లోపల గర్భంలో చిన్నా పెద్దా రాళ్ళూ సున్నం గచ్చూ కలిపి కుక్కిన ముద్ద. పేలినప్పుడు ఆ ముద్ద ఏకశిలలా ఉండబట్టే గోడలు పొడిపొడి అవకుండా పెద్ద పెద్ద ముక్కలుగా విడిపోయాయని ఆయన వివరించారు. “మరి పైన చెక్కుడు రాయి ఇంతింత చోట్ల ఊడిపోయిందేంటి?” అని అడిగారు. నేను కింద ఊళ్ళో ఇళ్ళ వైపు చూపించాను. కోట పడ్డాక ఊళ్ళోవాళ్ళు రాయి పట్టుకెళ్ళి ఇళ్ళు కట్టుకున్నారు, ఆ ఊరు ఇప్పటికీ గోడలు, పైకప్పులు అన్నీ ఒకే బూడిదరంగు రాయితో ఉంటుంది. ఆయనకి ఆ జవాబు చాలా నచ్చింది, దిగి వచ్చాక ఒక్కో ఇంటి గోడ దగ్గరా ఆగి చూశారు. మీ ఇంట్లో కూడా కట్టుబడి పని తెలిసిన పెద్దవాళ్ళు ఉంటే వాళ్ళని తప్పకుండా తీసుకెళ్ళండి, మనకి కనిపించనివి వాళ్ళకి కనిపిస్తాయి.

ఆ ద్వారం దాటి ఎడమకి తిరిగితే పడమటి ప్రాంగణం. ఇక్కడికి జనం తక్కువ వస్తారు, గాలి ఎక్కువ. ఒక పాత హాలు గోడ మిగిలి ఉంటుంది, దాంట్లో రాళ్ళని ఏటవాలుగా, చేప ముల్లులా ఒక వరస ఇటూ ఒక వరస అటూ పేర్చారు, 11వ శతాబ్దపు పని, కోటలో అన్నిటికన్నా పాతవాటిల్లో ఒకటి. ఆ చివర బుటవాంట్ టవర్ ఉండేది, ఇప్పుడు పునాది తప్ప ఏం మిగల్లేదు. అది చెరసాల. 1202లో ఫ్రాన్స్‌లో మిరబో దగ్గర పట్టుబడిన నైట్లని, అంటే గుర్రపు యోధుల్ని, ఇంగ్లండ్ రాజు జాన్ ఇక్కడికి పంపించాడు, వాళ్ళలో 22 మందిని తిండి పెట్టకుండా చంపించాడని చరిత్రలో ఉంది. మా అబ్బాయికి ఎనిమిదేళ్ళు, వాడికి ఇది చెప్పాలా వద్దా అని ఆలోచించి చెప్పాను, వాడు చాలాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత “నాన్నా, వాళ్ళ అమ్మలకి తెలిసిందా?” అని అడిగాడు. చిన్నపిల్లలతో వెళ్ళేవాళ్ళు ఈ భాగం ఎలా చెప్తారో ముందే అనుకుని వెళ్ళండి.

ఇదే జాన్ తన సొంత అన్న కూతురు ఎలియనార్‌ని కూడా కొంతకాలం ఈ కోటలో బందీగా పెట్టాడు. సింహాసనం మీద ఆ అమ్మాయికి తన కంటే ఎక్కువ హక్కు ఉందని అనేవాళ్ళున్నారు, అందుకు. మనుషుల పట్ల అంత కఠినంగా ఉన్నవాడే కీప్ పక్కన తన కోసం గ్లోరియెట్ అనే చక్కటి రాజభవనం కట్టించుకున్నాడు, దాని సన్నటి కిటికీ కమానులు కొన్ని ఇంకా ఉన్నాయి. కీప్ గోడల మొరటుతనం చూసి వెంటనే వీటిని చూస్తే వంద ఏళ్ళలో పనితనం ఎంత మారిందో తెలుస్తుంది.

ఇంకా వెనక్కి వెళ్తే 978. అప్పటికి ఈ రాతికోట లేదు. ఎడ్వర్డ్ అనే పదహారేళ్ళ కుర్రాడు రాజు, సవతి తల్లినీ తమ్ముణ్ణీ చూడ్డానికి కార్ఫ్‌కి వచ్చాడు, ఇక్కడే చంపేశారు. తన కొడుకు రాజవ్వాలని సవతి తల్లే చేయించిందని తర్వాత కథలన్నీ చెప్పాయి. కుర్రాణ్ణి చర్చి సెయింట్‌గా ప్రకటించింది, ఊళ్ళో చర్చి ఆయన పేరు మీదే ఉంది.

పైన కీప్ దగ్గరికి వెళ్ళాక కాసేపు కూర్చోండి. ఒక పక్క పూల్ వైపు మైదానాలు, ఇంకో పక్క పర్బెక్ పొలాలు, గొర్రెలు, కింద రైలు పట్టాలు. గంటకోసారి ఆవిరి ఇంజన్ కూత వినిపిస్తే అందరూ గోడ దగ్గరికి పరిగెత్తుతారు.

ఆ రైలు గురించి చెప్పకపోతే ఈ రివ్యూ పూర్తి అవ్వదు. స్వానేజ్ రైల్వే లైనుని 1972లో మూసేసి పట్టాలు పీకేశారు. ఇక్కడి జనం ఊరుకోకుండా వాలంటీర్లుగా చేరి మళ్ళీ ఒక్కో మైలూ వేసుకుంటూ వచ్చారు, 1995లో కార్ఫ్ దాటి నార్డెన్ దాకా రైలు తెచ్చారు. ఇప్పటికీ చాలామటుకు నడిపేది వాలంటీర్లే. కోట కింద పార్కింగ్ వెతుక్కునే బదులు నార్డెన్ స్టేషన్ దగ్గర కారు పెట్టేసి ఆవిరి రైలెక్కి కార్ఫ్‌లో దిగండి, ఒక్క స్టేషనే, తర్వాత అదే రైల్లో స్వానేజ్ వెళ్ళి సముద్రం చూసి వెనక్కి రావొచ్చు. రైలు వద్దనుకుంటే నార్డెన్ నుంచి నడిచినా పావుగంట, ఇరవై నిమిషాలు. కారు లేనివాళ్ళు లండన్ వాటర్లూ నుంచి వేర్‌హామ్ దాకా మామూలు రైల్లో వచ్చి అక్కడ స్వానేజ్ వెళ్ళే బస్సెక్కితే కార్ఫ్‌లో దింపుతుంది. కోటకి ఎదురుగా ఉన్న కార్ పార్కు వేసవి సెలవుల్లో పొద్దున్నే నిండిపోతుంది, ఊరి సందులు చాలా ఇరుకు, అక్కడ తిరుగుతూ టెన్షన్ పడొద్దు.

టికెట్ విషయానికొస్తే కోట నేషనల్ ట్రస్ట్‌ది, పాత కట్టడాల్నీ భూముల్నీ కాపాడే స్వచ్ఛంద సంస్థ అది. 1980ల మొదట్లో బ్యాంక్స్ వంశంలో అప్పటి యజమాని కోటనీ, కింగ్‌స్టన్ లేసీనీ, వేల ఎకరాల భూమినీ ట్రస్ట్‌కి రాసిచ్చేశాడు. మెంబర్‌షిప్ ఉంటే లోపలికి ఫ్రీ, ట్రస్ట్ కార్ పార్కులో పార్కింగ్ కూడా ఫ్రీ. కుటుంబంతో వెళ్తూ ఏడాదిలో ఇలాంటివి ఇంకో రెండు మూడు చూసే ఉద్దేశం ఉంటే మెంబర్‌షిప్ తీసుకోవడమే లాభం, దగ్గర్లో ఉన్న స్టడ్‌లాండ్ బీచ్‌లో పార్కింగ్‌కి కూడా అదే పనికొస్తుంది. ఒక్కసారికే అయితే టికెట్ ధర ముందు కొంచెం ఎక్కువ అనిపిస్తుంది, పైకి వెళ్ళాక నాకు అలా అనిపించలేదు. ఇంత పాత గోడల్ని పడకుండా నిలబెట్టడానికి గచ్చు పని ఏళ్ళ తరబడి చేస్తూనే ఉండాలి, ఆ పని జరిగేటప్పుడు కొన్ని భాగాలు మూసి ఉండొచ్చు, వెళ్ళేముందు వెబ్‌సైట్ చూసుకోండి.

తిండి మనది మనం తీసుకెళ్ళడమే మంచిది. గడ్డి మీద కూర్చుని తినొచ్చు, ఎవరూ ఏమీ అనరు, మేం పులిహోర, చపాతీ చుట్టలు, ఫ్లాస్కులో టీ పట్టుకెళ్ళాం. చిన్న నల్ల కాకులు, జాక్‌డాలంటారు, డబ్బా తెరవగానే చుట్టూ చేరతాయి, పిల్లలకి భలే సరదా. ఊళ్ళో ఒకచోట భోజనానికి కూర్చుంటే వెజ్ అని చెప్పి తెచ్చినదాంట్లో ఏముందో వడ్డించినవాళ్ళకే సరిగ్గా తెలియలేదు, అమ్మ తినలేకపోయింది. పేరు అనవసరం, శాకాహారులైతే మాత్రం గట్టిగా అడిగి తెలుసుకోండి. కోట పక్కనే ట్రస్ట్ వాళ్ళ టీ రూమ్ ఉంది, దాని తోటలో కూర్చుంటే ఎదురుగా కోట కనిపిస్తుంది, స్కోన్లు (చిన్న బన్నుల్లాంటివి) వేడిగా ఉన్నాయి, అమ్మకి కూడా నచ్చాయి.

ఇక ఎవరికి కష్టం అంటే మోకాళ్ళ నొప్పులు ఉన్నవాళ్ళకి. దారి నిటారుగా ఉంటుంది, పైన మెట్లు ఎగుడుదిగుడు, రాళ్ళు నున్నగా అరిగిపోయి ఉన్నాయి. మా అమ్మ రెండో ద్వారం దాకా వచ్చి అక్కడే కూర్చుంది, నిజానికి అక్కడి దాకా వస్తే ముఖ్యమైనది చూసినట్టే. పిల్లల తోపుడుబండి వద్దు, చంకనెత్తుకునే సంచీ తెచ్చుకోండి. వీల్‌చైర్‌తో అయితే కింది భాగం తప్ప పైకి వెళ్ళలేరు. టాయిలెట్ పని ఎక్కకముందే కింద చూసుకోండి, లేకపోతే మళ్ళీ కొండంతా దిగాలి. మే నెలలో కూడా పైన జాకెట్ కావాలి. చీర కట్టుకునే పెద్దవాళ్ళకి ఆ గాలిలో చాలా ఇబ్బంది, ఆ రోజుకి సల్వార్ కమీజ్ వేసుకోమని మా ఆవిడ అమ్మకి చెప్పి మంచిపని చేసింది.

ఇంకొక్కటి, ఇది చాలామందికి తెలియదు. ఊళ్ళోనే మోడల్ విలేజ్ అని ఉంది, విడిగా టికెట్. కార్ఫ్ ఊరూ కోటా పేలకముందు ఎలా ఉండేవో అసలు సైజులో ఇరవయ్యో వంతు చేసి అచ్చం అక్కడి రాయితోనే కట్టారు. దాన్ని ముందు చూసి తర్వాత కోట ఎక్కండి, ఏ బురుజు ఎక్కడ ఉండాల్సిందో మనసులో ఉంటుంది, అప్పుడు ఒరిగిన గోడ దగ్గర నిలబడి ‘ఇది అదే కదా’ అని పిల్లలు కూడా పోల్చుకోగలరు. మా అబ్బాయి నైరుతి ద్వారాన్ని అలాగే గుర్తుపట్టాడు. ఫొటోల పిచ్చి ఉన్నవాళ్ళు కోటకి ఎదురుగా ఉన్న వెస్ట్ హిల్ ఎక్కండి, దానికి టికెట్ లేదు, చలికాలం పొద్దున్నే కనుమలో పొగమంచు నిండినప్పుడు అక్కడి నుంచే అందరూ ఆ ఫొటోలు తీస్తారు.

చలికాలంలో ఆవిరి రైలు రోజూ నడవదు, కోట కూడా సాయంత్రం త్వరగా మూసేస్తారు. పైకెక్కి నిదానంగా చూసి దిగడానికి కనీసం రెండు గంటలు కావాలి కాబట్టి మధ్యాహ్నం ఒంటిగంట లోపే లోపల ఉండేలా చూసుకోండి, ముందురోజు బాగా వాన పడి ఉంటే పట్టు ఉన్న బూట్లు వేసుకోండి, ఆ గడ్డి వాలు మీద దిగేటప్పుడే జారేది.